పాత స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ బ్యారెల్ కోయవచ్చా? కోస్తే ఎంత వరకు?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: 1960ల నాటి .22 (గొట్టం రంధ్రం సుమారు 5.5 మిల్లీమీటర్లు) బ్రేక్ బ్యారెల్ స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్, అంటే బ్యారెల్‌ను (గొట్టాన్ని) కిందికి మడిచి స్ప్రింగును నొక్కే రకం, ఒకటి మీ తాతగారి నుంచి వచ్చింది. బ్యారెల్ 44 సెంటీమీటర్లు. ఎప్పుడో కింద పడి మూతి (బ్యారెల్ ముందు కొస) అంచు ఒకవైపు నొక్కుకుపోయింది, పెల్లెట్లు (సీసపు గుళ్లు) ఒకచోట పడటం లేదు. ఎలాగూ మూతి పాడైంది కాబట్టి ఏకంగా 15 సెంటీమీటర్లు కోసేస్తే రైఫిల్ పొట్టిగా, తేలికగా అవుతుంది, వేగం కూడా కాస్త పెరుగుతుందేమో అని మీ ఆలోచన.

నా సలహా: పాడైన మేరకు కోయించండి. 15 సెంటీమీటర్లు మాత్రం వద్దు. వేగం తగ్గుతుందని కాదు. బ్రేక్ బ్యారెల్ రైఫిల్లో ఆ గొట్టమే స్ప్రింగును నొక్కే మీట. దాన్ని ఎంత పొట్టి చేస్తే మీ చేతికి అంత పని పెరుగుతుంది.

రంపం చేతిలోకి తీసుకునే ముందు చట్టం సంగతి చూసుకోండి. లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడమే నేరమని రాసుకున్న దేశాలు ఉన్నాయి. ఆయుధం అన్న నిర్వచనంలోకి ఎయిర్ రైఫిల్ వస్తుందా రాదా అన్నది చోటును బట్టి మారుతుంది. ఒక్కోచోట శక్తిని బట్టి, ఒక్కోచోట కాలిబర్‌ను (గొట్టం రంధ్రం కొలతను) బట్టి. ఇంట్లో వాడే వస్తువే కదా అని తేలిగ్గా తీసుకోకండి. అనుమానం ఉంటే లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌ను అడగండి, పని కూడా ఆయన చేతే చేయించండి. కింద రాసినదంతా అలా చేయించేటప్పుడు ఏం అడగాలో, ఏం చూసుకోవాలో మీకు తెలియడానికి కూడా పనికొస్తుంది.

ఇక వేగం. బ్యారెల్ పొడవు పెరిగితే వేగం పెరుగుతుందన్న లెక్క మందుగుండు రైఫిళ్లది. అక్కడ బుల్లెట్ కదిలాక కూడా మందు కాలుతూ గ్యాస్ పుడుతూనే ఉంటుంది. స్ప్రింగ్ రైఫిల్లో మొదట సిలిండర్లో ఎంత గాలి ఉందో అంతే, కొత్తగా పుట్టేది లేదు. ఉదాహరణకు సిలిండర్ వ్యాసం 25 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 60 మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో పట్టే గాలి దాదాపు 29 సి.సి. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి ఆ గాలినంతా సిలిండర్ కొసన చిన్న సందులోకి కుక్కేస్తుంది. పిస్టన్ తన ప్రయాణం దాదాపు ముగించాకే పెల్లెట్ కదులుతుంది. అది కదిలాక .22 గొట్టంలో ప్రతి 10 సెంటీమీటర్లకూ సుమారు 2.4 సి.సి. ఖాళీ తెరుచుకుంటుంది. అంత ఇరుకులో నొక్కి పెట్టిన గాలికి అది చాలా ఎక్కువ చోటు. ఒత్తిడి చటుక్కున పడిపోతుంది. అందుకే పెల్లెట్‌కు రావలసిన వేగంలో సింహభాగం బ్రీచ్ (పెల్లెట్ పెట్టే వెనక కొస) దగ్గరి మొదటి జానెడు దూరంలోనే వచ్చేస్తుంది. పాతిక సెంటీమీటర్లు దాటాక కలిసేది నామమాత్రం. .177 గొట్టం ఇంకా సన్నం కాబట్టి దానికి ఇంకాస్త ఎక్కువ పొడవు కావాలి.

కాబట్టి 44ను 29 చేసినా వేగం పెద్దగా తగ్గదు. పెరుగుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. ఆ పొడవులో ఎక్కువైన రాపిడి వల్ల పోతున్న వేగం ఏమైనా ఉంటే అది పెల్లెట్ మార్చినప్పుడు వచ్చే తేడాలో కలిసిపోతుంది. పెరిగేది శబ్దం. మూతి దగ్గరకు వచ్చేసరికి వెనక గాలిలో ఒత్తిడి ఇంకా మిగిలి ఉంటుంది, అది బయట పడేటప్పుడు టప్పుమంటుంది.

కంపెనీలే పొట్టి బ్యారెళ్లు చేశాయి కదా అని మీరు అడగొచ్చు. చేశాయి. జర్మన్ కంపెనీ వైరౌఖ్ వాళ్ల హెచ్‌డబ్ల్యు 77 పొడుగు బ్యారెల్‌తోనూ వచ్చింది, 77 కే అని పొట్టి బ్యారెల్‌తోనూ వచ్చింది. రెండూ బాగా కొడతాయి. కానీ అది అండర్ లీవర్ రైఫిల్. దాని బ్యారెల్ కదలదు, కాక్ చేసేది (స్ప్రింగును నొక్కి పేల్చడానికి సిద్ధం చేసేది) కింద ఉన్న వేరే లీవర్‌తో. బ్యారెల్ పొడవుకూ చేతి బలానికీ అక్కడ సంబంధం లేదు. మీది బ్రేక్ బ్యారెల్, ఆ సౌకర్యం మీకు లేదు. 1948లో వచ్చిన బీఎస్‌ఏ (బ్రిటిష్ కంపెనీ) ఎయిర్‌స్పోర్టర్ లాంటి పాత అండర్ లీవర్లు ఉన్నవాళ్లు కూడా ఒక్కటి చూసుకోవాలి. లీవర్ కొస వచ్చి బ్యారెల్ కింద ఒక క్యాచ్‌లో పట్టుకుంటుంది. ఆ క్యాచ్‌ను దాటి వెనక్కి కోయడం కుదరదు.

మీ రైఫిల్‌కు లెక్క ఎలా వేయాలో చెప్తాను. స్నానాల గదిలో బరువు చూసుకునే స్కేలు ఒకటి నేల మీద పెట్టి, దాని మీద మందపాటి గుడ్డ మడిచి వేయండి. రైఫిల్లో పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకోండి. బ్యారెల్ లాక్ వదులు చేసి, మూతిని గుడ్డ మీద ఆనించి, స్టాక్‌ను (చెక్క పిడిని) రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా కిందికి నొక్కండి. ముల్లు ఎక్కడి దాకా వెళ్లిందో పక్కన ఒకరిని చూడమనండి. వచ్చిన అంకె పది కిలోలు అనుకుందాం. పివట్ (బ్యారెల్ మడత పడే కీలు) నుంచి మూతికి 44 సెంటీమీటర్లు ఉంటే, 15 కోసాక మిగిలేది 29. అదే స్ప్రింగుకు ఇప్పుడు పది కిలోల బదులు 15 కిలోలు పెట్టాలి. నిజానికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది, ఎందుకంటే మనం పట్టుకునేది మూతి చివరి బిందువు దగ్గర కాదు, అరచెయ్యి వెడల్పు లోపలికి. అదే రెండు సెంటీమీటర్లు కోస్తే 10 కిలోలు పదిన్నర అవుతుంది. చేతికి తేడా కూడా తెలియదు.

ఇది ఒళ్లు నొప్పుల సమస్య మాత్రమే కాదు. ఆ కాలపు రైఫిళ్లలో చాలావాటికి బ్యారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ పని చేయకుండా ఆపే ఏర్పాటు లేదు. సగం మడిచాక చెయ్యి జారినా, సియర్ (పిస్టన్‌ను పట్టి ఉంచే కొక్కెం) అరిగిపోయి పట్టు వదిలినా బ్యారెల్ ఎగిరి మూసుకుంటుంది. బ్రీచ్ దగ్గర పెల్లెట్ పెడుతున్న వేలు అక్కడే ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. స్టాక్ చీలుతుంది, బ్యారెల్ పైకి వంగుతుంది. బ్యారెల్ పొట్టిగా ఉంటే పట్టు తక్కువ, బలం ఎక్కువ, జారే అవకాశం ఎక్కువ. పొట్టిగా ఉన్నా పొడుగ్గా ఉన్నా, పెల్లెట్ పెట్టేటప్పుడు ఒక చెయ్యి బ్యారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉండాలి. కోశాక మూతికి బిగించే లోహపు స్లీవ్ తొడిగి పొడవు తిరిగి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. అలా తొడగాలంటే మళ్లీ 44 దగ్గరకే వచ్చారు కదా, కోసింది దేనికి?

బరువు సంగతి కూడా ఒకసారి చూడండి. బయటి వ్యాసం 15 మిల్లీమీటర్లు ఉన్న .22 బ్యారెల్లో 15 సెంటీమీటర్ల ముక్క బరువు దాదాపు 180 గ్రాములు. తగ్గేది అంతే. కానీ అది రైఫిల్ ముందు కొసన ఉన్న బరువు, నిలబడి గురిపెట్టేటప్పుడు మూతిని వణక్కుండా ఉంచేది అదే. స్ప్రింగ్ రైఫిల్ రెండువైపులా తన్నుతుంది: పిస్టన్ ముందుకు పోయేటప్పుడు రైఫిల్ వెనక్కి, పిస్టన్ ఆగేటప్పుడు ముందుకు. ఆ కుదుపు పూర్తయ్యేలోపు పెల్లెట్ ఇంకా గొట్టంలోనే ఉంటుంది. పొట్టి బ్యారెల్లో పెల్లెట్ కాస్త ముందే బయటపడుతుంది, నిజమే. సెకనుకు 170 మీటర్ల వేగంతో 15 సెంటీమీటర్లు దాటడానికి పట్టేది వెయ్యో వంతు సెకను కంటే తక్కువ. ఆ లాభం కన్నా ముందు కొసన పోయిన బరువు వల్ల వచ్చే వణుకు ఎక్కువ నష్టం అని నా అభిప్రాయం. దీనితో ఏకీభవించని వాళ్లూ ఉన్నారు, వాళ్లు ఎక్కువగా స్కోపు పెట్టి, బల్ల మీద ఆనించి కొట్టేవాళ్లు.

అసలు పెల్లెట్లు చెదరడానికి కారణం మూతేనా అన్నది కోయకముందే తేల్చుకోవాలి. పాత రైఫిల్ చెదరగొడుతోందంటే నేను మూతి కన్నా ముందు చూసేవి వేరే. స్టాక్ స్క్రూలు వదులయ్యాయా? బ్యారెల్ పివట్ బోల్టు పక్కలకు ఊగుతోందా? బ్యారెల్ మూసి, కొస పట్టుకుని అటూ ఇటూ ఆడించండి. కాస్త కదిలినా చాలు, ఎంత మంచి మూతి ఉన్నా లాభం లేదు. తర్వాత బ్రీచ్ సీల్. టిష్యూ కాగితం సన్నగా చించి బ్యారెల్, సిలిండర్ కలిసే చోట చుట్టూ వేసి, పెల్లెట్ పెట్టి సురక్షితమైన చోట ఒకసారి పేల్చండి. కాగితం ఎగిరిందంటే అక్కడ గాలి పోతోంది. ఆ రోజుల్లో చాలావాటిలో బ్రీచ్ వాషర్ తోలుదే, పిస్టన్ సీలూ తోలుదే. ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే ఎండి గట్టిపడిపోతాయి. ఎండిన తోలుకు నూనె కాస్త పడితే ప్రాణం వస్తుంది, కానీ సిలిండర్లోకి నూనె గుమ్మరిస్తే అది పేలినప్పుడు డీజిల్ ఇంజన్లో లాగా మండుతుంది, పొగ, పెద్ద శబ్దం, స్ప్రింగుకూ సీలుకూ దెబ్బ. ఒకటి రెండు చుక్కలు వేసి, మూతి పైకి పెట్టి రాత్రంతా నిలబెట్టండి, చాలు. ఇంకో మాట, పెల్లెట్ లేకుండా పేల్చి చూడకండి. ఎదురు ఒత్తిడి లేక పిస్టన్ నేరుగా సిలిండర్ కొసను గుద్దుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి కూడా చెదురుతుంటే అప్పుడు మూతి. ఇయర్‌బడ్ తీసుకుని లోపలి నుంచి బయటకు, మూతి అంచు చుట్టూ రాయండి. దూది పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ బర్ (పొడుచుకొచ్చిన లోహపు గరుకు) ఉంది. భూతద్దంతో చూస్తే రైఫ్లింగ్ (పెల్లెట్‌ను తిప్పడానికి గొట్టం లోపల ఉండే మెలిక గాళ్లు) గీతలు అంచు దాకా శుభ్రంగా వచ్చాయా, ఎక్కడైనా మడతపడి ఉన్నాయా తెలుస్తుంది. మన పెల్లెట్ల ఆకారం గుర్తు తెచ్చుకోండి, నడుము సన్నగా ఉండి వెనకవైపు పల్చటి లంగాలాగా విచ్చుకుని ఉంటుంది. మూతి దాటే క్షణంలో ఆ వెనక అంచు ఒకవైపు ముందు, ఇంకోవైపు తర్వాత బయటపడితే గాలి ఒక పక్క నుంచి తోసి పెల్లెట్‌ను ఒరిగిస్తుంది. అక్కడి నుంచి అది గిరికీలు కొడుతూనే వెళ్తుంది. మూతి అంచు మీద ఉన్న వెంట్రుకంత లోపం గొట్టం లోపల అంగుళం మేర ఉన్న తుప్పు మచ్చ కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఇప్పుడు ఎక్కడ కోయాలి? చాలామంది ఇక్కడే తొందరపడతారు. కొన్ని బ్యారెళ్లలో మూతి దగ్గర చివరి రెండు మూడు సెంటీమీటర్లు లోపల కాస్త బిగుతుగా ఉంటాయి, దాన్ని చోక్ అంటారు. వైరౌఖ్ బ్యారెళ్లలో ఇది ఉంటుంది. పెల్లెట్లన్నిటినీ చివర్లో ఒకే కొలతకు తెస్తుంది. దాన్ని కోసేస్తే ఆ లాభం పోతుంది. మీదాంట్లో ఉందో లేదో చూడటానికి స్ప్రింగ్ కాక్ చేసి ఉంచకూడదు. బ్యారెల్‌ను యాక్షన్ (సిలిండర్, ట్రిగ్గర్ ఉన్న భాగం) నుంచి విడదీసి, బ్రీచ్ వైపు నుంచి మెత్తటి సీసం పెల్లెట్ ఒకటి పెట్టి, గొట్టం కన్నా సన్నటి ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా తోయండి. చేతికి ఎక్కడ బిగుతు తెలుస్తోంది, ఎక్కడ జారిపోతోంది గమనిస్తూ కడ్డీ మీద గుర్తులు పెట్టుకోండి. చివర్లో బిగుస్తుంటే చోక్ ఉన్నట్టే. అలాంటప్పుడు నొక్కు మేరకు మిల్లీమీటర్లలో కోయాలి, సెంటీమీటర్లలో కాదు. చోక్ లేకపోతే కొంత స్వేచ్ఛ ఉంది, కానీ పెల్లెట్ వదులుగా జారిన చోట మాత్రం కొత్త మూతి రాకూడదు. బిగుతుగా ఉన్న చోటో, కనీసం అంతటా ఒకేలా ఉన్న చోటో చూసుకోండి.

అదే సమయంలో బ్యారెల్ నిండు ఉక్కేనా అన్నది కూడా చూడండి. చౌక రకాల్లో బయట రేకు గొట్టం, లోపల సన్నటి అసలు గొట్టం ఉంటాయి. కోస్తే లోపలిది వదులై ఆడుతుంది. మూతి వైపు నుంచి చూస్తే రెండు వలయాలు కనిపిస్తాయి. అలాంటిదైతే ముట్టుకోవద్దు.

కోత విషయానికి వస్తే, లేత్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడం ఉత్తమం. కానీ లేత్ మిస్త్రీకి ఒక మాట చెప్పాలి: బ్యారెల్‌ను బయటి గుండ్రం ఆధారంగా కాక, లోపలి రంధ్రం ఆధారంగా సెంటర్ చేయమని. పాత బ్యారెళ్లలో రంధ్రం నట్టనడుమ ఉండాలన్న హామీ లేదు. బయటి గుండ్రాన్ని నమ్ముకుంటే కొత్త మూతి రంధ్రానికి ఓరగా వస్తుంది, మళ్లీ మొదటికే వస్తారు.

హ్యాక్సాతో అయినా పని జరుగుతుంది. అంగుళానికి 32 పళ్ల బ్లేడు తీసుకోవాలి. కోత గీత వెనక లోపల గ్రీజు పూసిన దూది కుక్కాలి, ఇనుప రజను రైఫ్లింగ్‌లోకి పోకుండా. గీత దగ్గర హోస్ క్లిప్ (రబ్బరు గొట్టాలకు బిగించే లోహపు పట్టీ) ఒకటి బిగిస్తే రంపానికి అదే దారి చూపుతుంది. రావలసిన పొడవు కన్నా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి కోసి, తర్వాత ఆకురాయితో మట్టానికి తేవాలి. ట్రై స్క్వేర్ పెట్టి నాలుగు వైపులా వెలుతురుకు ఎదురుగా చూడండి. సందులోంచి వెలుగు కనిపించిందంటే ఇంకా పని ఉంది.

అసలు పని క్రౌన్. అంటే రంధ్రం అంచును లోపలికి సమంగా, చాలా కొద్దిగా వాలుగా చేయడం. చేతి పనిముట్లతో చేసేవాళ్లకు గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూ బాగా పనికొస్తుంది. తల వ్యాసం రంధ్రం కన్నా రెట్టింపు ఉండాలి. దాన్ని డ్రిల్లులో బిగించి, తలకు ఇంజన్ వాల్వులు అరగదీసే గ్రైండింగ్ పేస్టు రాసి, రంధ్రం మీద తేలిగ్గా ఆనించి నెమ్మదిగా తిప్పాలి. తిరుగుతున్నంతసేపూ డ్రిల్లు వెనక భాగాన్ని చిన్న చిన్న వలయాల్లో ఆడిస్తూ ఉండాలి. ఇది మరిచిపోతే స్క్రూ తలలో ఉన్న వంకర అచ్చంగా మూతి మీద పడుతుంది. ఇత్తడి ఉక్కు కన్నా మెత్తన కాబట్టి స్క్రూ తనకు తానే రంధ్రానికి అనుగుణంగా అరుగుతుంది. బలం పెట్టక్కర్లేదు. కాసేపటికోసారి తుడిచి చూడండి. రంధ్రం చుట్టూ మెరిసే సన్నటి వలయం కనిపించాలి, దాని వెడల్పు అంతటా ఒకేలా ఉండాలి. ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా ఉందంటే ముఖం మట్టంగా లేదు, మళ్లీ ఆకురాయి పట్టాలి. వలయం సమంగా వచ్చాక ముతక పేస్టు పూర్తిగా తుడిచి, సన్నరకంతో ఒకసారి. కోసి తీసిన ముక్క ఉంటుంది కదా, మొదట దాని మీద చేసి చెయ్యి కుదిరాక అసలు బ్యారెల్ పట్టండి.

తర్వాత దూదిని మూతి వైపు నుంచే బయటకు లాగేయాలి, లోపలికి తోయకూడదు. బ్రీచ్ నుంచి మూతి వైపు గుడ్డ లాగి శుభ్రం చేసి, ఇందాకటి ఇయర్‌బడ్ పరీక్ష మళ్లీ చేయండి. ఒక పెల్లెట్‌ను తోసి, పూర్తిగా బయటకు రానిచ్చి, దాని వెనక అంచు భూతద్దంతో చూడండి. గీతలన్నీ ఒకే లోతులో పడి, అంచులో చిరుగు లేకపోతే క్రౌన్ కుదిరినట్టే. బయట తెల్లగా మిగిలిన ఉక్కుకు కోల్డ్ బ్లూ (ఉక్కును నల్లబరిచే ద్రావణం) పూసి నూనె రాస్తే తుప్పు పట్టదు.

ఫోర్‌సైట్ (గురి చూసే ముందు సైటు) గురించి ఎవరూ ముందు ఆలోచించరు, కోశాక గుర్తొస్తుంది. రెండు సెంటీమీటర్లు కోసినా అది ముక్కతో పాటు పోయే అవకాశం ఉంది. వెనక సైటుకూ ముందు సైటుకూ మధ్య 42 సెంటీమీటర్లు ఉన్నప్పుడు గురిలో అర మిల్లీమీటరు తప్పితే పది మీటర్ల దూరంలో 12 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఆ దూరం 27 అయితే అదే తప్పుకు పద్దెనిమిదిన్నర. కంటితో గురిచూసే రైఫిల్‌కు 15 సెంటీమీటర్ల కోత వద్దనడానికి ఇదొక్కటే చాలు. కొత్త ఫోర్‌సైట్ పెట్టించేటప్పుడు కావాలనే కాస్త ఎత్తు ఎక్కువ పెట్టించండి. మొదట దెబ్బ కిందికి పడుతుంది. తర్వాత ఆకురాయితో కొద్దికొద్దిగా తగ్గిస్తూ పైకి తెచ్చుకోవచ్చు. తక్కువ ఎత్తు పెట్టి పెంచడం కుదరదు. స్కోపు పెట్టేస్తానంటారా, ముందు సిలిండర్ మీద దానికి గాడి ఉందో లేదో చూడండి. 1960ల వాటిలో చాలావాటికి ఉండదు. ఉన్నా, స్ప్రింగ్ రైఫిల్ కోసమే చేసిన స్కోపు కావాలి. మామూలువి రెండువైపుల కుదుపుకు లోపల చెదిరిపోతాయి.

విలువ సంగతి ఒక్క మాట. పాత వస్తువులు సేకరించేవాళ్లు మూతి మీద నొక్కును క్షమిస్తారు, కోసిన బ్యారెల్‌ను క్షమించరు. అమ్మే ఉద్దేశం మీకు లేకపోవచ్చు, అయినా తాతగారి వస్తువు కదా. నొక్కు చిన్నదైతే అసలు కోయకుండా, ఉన్న మూతి మీదే ఇత్తడి స్క్రూతో క్రౌన్ సరిచేస్తే పొడవులో వెంట్రుకవాసి కూడా తగ్గదు, ఫోర్‌సైట్ కదలదు. నేనైతే మొదట అదే చేస్తాను. అది ఫలించకపోతేనే రంపం.

పని అయ్యాక ఓ పాతిక పెల్లెట్లు కొట్టి గొట్టం కుదురుకోనివ్వండి. తర్వాత పది మీటర్ల దూరంలో, ముందు చెయ్యిని మెత్తటి సంచి మీద పెట్టి, రైఫిల్‌ను బిగించి పట్టుకోకుండా ఆ చేతి మీద ఊరికే ఆనించి, అయిదేసి పెల్లెట్లు కొట్టి చూడండి. ఒకటి రెండు రకాల పెల్లెట్లు మార్చి కూడా చూడాలి, పాత బ్యారెళ్లకు ఇష్టాయిష్టాలు ఎక్కువ. ఈలోగా మూతి ఎదురుగా తీసిన ఫొటో, స్కేలు మీద వచ్చిన అంకె, కడ్డీతో తోసినప్పుడు ఎక్కడెక్కడ బిగిసిందో ఆ కొలతలు ఇక్కడ పెట్టండి. చూసి, ఉన్న మూతినే సరిచేయొచ్చో, ఎన్ని మిల్లీమీటర్లు కోయాలో చెప్తాను.